బస్సు డ్రైవర్లు కోర్టుకెక్కిన వారం

2011 అక్టోబరు 1, శనివారం. బ్రూక్లిన్ బ్రిడ్జి మీద న్యూయార్క్ పోలీసులు ఆక్యుపై వాల్ స్ట్రీట్ వాళ్ళను, అంటే బ్యాంకుల మీద, కార్పొరేట్ల మీద కోపంతో పార్కులో డేరాలు వేసుకుని ఆందోళన చేస్తున్నవాళ్ళను, దాదాపు ఏడువందల మందిని అరెస్టు చేశారు. అంతమందిని ఎక్కించడానికి వ్యాన్లు చాలలేదు. సిటీ బస్సుల్ని తీసుకుని, పట్టుకున్నవాళ్ళను అందులో కూర్చోబెట్టి, ఆ బస్సుల డ్రైవర్లనే నడపమన్నారు. తమాషా ఏంటంటే ఆ డ్రైవర్ల యూనియన్, అంటే ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ యూనియన్ లోకల్ 100 (లోకల్ అంటే స్థానిక శాఖ), సరిగ్గా ఆ వారంలోనే ఈ ఆందోళనకు మద్దతుగా తీర్మానం చేసింది. మద్దతిచ్చినవాళ్ళ చేతనే అరెస్టు బండి తోలించారన్నమాట. సోమవారం యూనియన్ ఫెడరల్ కోర్టుకు వెళ్ళింది, పోలీసు పనికి మా డ్రైవర్లను వాడుకోకుండా ఆపమని. జడ్జి ఆపలేదు.

ఆక్యుపై వాల్ స్ట్రీట్ అనగానే మావాళ్ళకి డేరాలు, డప్పులు, నవ్వుతున్నట్టుండే ఆ తెల్ల మాస్కు గుర్తొస్తాయి. నాకు మాత్రం ఓడిపోయిన ఈ కేసే గుర్తుంటుంది. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

అప్పట్లో నేను జెర్సీ సిటీలో ఉండేవాణ్ణి. హెచ్1బీ మీద వచ్చి ఏడాది దాటింది. పొద్దున్నే పాత్ రైలెక్కి వరల్డ్ ట్రేడ్ సెంటర్ స్టేషన్లో దిగి బ్రాడ్‌వే వైపు నడిస్తే దారిలోనే జుకోటీ పార్కు. పని ఒక పెద్ద బ్యాంకులో, కాని నేను బ్యాంకు ఉద్యోగిని కాదు. బ్యాంకు కింద ఒక వెండర్, వెండర్ కింద ఒక కన్సల్టెన్సీ, దాని కింద నేను. నా పనికి బ్యాంకు గంటకు ఎంత కడుతోందో, అది ఇద్దరి చేతులు దాటి నా దాకా వచ్చేసరికి ఎంత తరుగుతోందో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నేను సంతకం పెట్టిన కాగితంలో ఒక్క ముక్క మాత్రం బాగా అర్థమైంది: పద్ధెనిమిది నెలలు నిండకుండా మానేస్తే కంపెనీకి నేనే డబ్బు కట్టాలి. ఈ కాగితం సంగతి మళ్ళీ వస్తుంది.

పార్కు అంటే పెద్దదేం కాదు, ముప్పావు ఎకరం. రాతి పలకలు, రాతి బెంచీలు, కొన్ని చెట్లు. అసలు సెప్టెంబరు 17న జనం మొదట అనుకున్న చోటు ఛేజ్ బ్యాంకు ముందున్న ప్లాజా. దానికి ముందే కంచె కట్టేశారు కాబట్టి ఇక్కడికొచ్చి కూర్చున్నారు. కూర్చున్నవాళ్ళ అదృష్టం, ఇది నగరపాలక సంస్థ పార్కు కాదు, ఒక రియల్ ఎస్టేట్ కంపెనీది, పేరు బ్రూక్‌ఫీల్డ్. 1968లో యూఎస్ స్టీల్ కంపెనీ పక్కన టవర్ కడుతూ, రూల్స్ కంటే ఎత్తు లేపుకోనిస్తే జనానికి ఖాళీ జాగా వదులుతానని నగరంతో బేరం కుదుర్చుకుంది. ఆ బేరంలో వచ్చిన జాగా ఇది. నగరం పార్కులు రాత్రయితే మూసేస్తారు. దీన్ని ఇరవైనాలుగు గంటలూ తెరిచే ఉంచాలి. అందుకే పోలీసులు మొదటి రాత్రే లేపెయ్యలేకపోయారు. ఒక కార్పొరేట్ కొన్ని అంతస్తులు ఎక్కువ కట్టుకోవాలనుకోవడం వల్ల నలభైమూడేళ్ళ తర్వాత కార్పొరేట్ల మీద ధర్నాకు చోటు దొరికింది! ఈ సంగతి చదివిన రోజు ఆఫీసులో ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను.

పర్మిషన్ లేకుండా మైకు పెట్టకూడదు. కాబట్టి మాట్లాడేవాడు ఒక ముక్క అంటే చుట్టూ ఉన్నవాళ్ళు దాన్ని గట్టిగా తిరిగి అనేవాళ్ళు, వాళ్ళ వెనకవాళ్ళు మళ్ళీ అనేవాళ్ళు. మొదటిసారి విన్నప్పుడు చిన్నప్పుడు బళ్ళో ఎక్కాలు వల్లెవేయించినట్టే అనిపించింది. కోపం దేనిమీదో వేరే చెప్పక్కర్లేదు. 2008లో బ్యాంకులు మునిగితే 70,000 కోట్ల డాలర్ల పథకంతో వాటిని లేపారు. ఇళ్ళు పోయినవాళ్ళను, చదువు అప్పుల్లో మునిగినవాళ్ళను లేపినవాళ్ళు లేరు. 'మేం 99 శాతం', అంటే పైనున్న ఒక్క శాతం డబ్బున్నవాళ్ళు కాక మిగతా అందరం, అన్న మాట అక్కణ్ణుంచి పుట్టింది.

ఇదంతా యూనియన్లకు సరిగ్గా నప్పే మాటే కదా, మరి మొదటి పది రోజులూ వాళ్ళెక్కడ? నాకప్పుడు తట్టలేదు గాని, వాళ్ళు రాకపోవడానికి గట్టి కారణాలే ఉన్నాయి. అమెరికాలో 1983లో నూటికి ఇరవైమంది ఉద్యోగులు యూనియన్లలో ఉండేవాళ్ళు. 2011 వచ్చేసరికి 11.8 శాతం. ప్రైవేటు రంగం ఒక్కటే చూస్తే 6.9. ఆ ఏడాది మొదట్లోనే విస్కాన్సిన్‌లో గవర్నరు స్కాట్ వాకర్ ప్రభుత్వోద్యోగుల బేరసారాల హక్కును దాదాపు ఊడ్చేసే చట్టం తెస్తే జనం మాడిసన్‌లోని అసెంబ్లీ భవనంలోనే వారాల తరబడి పడుకున్నారు, అయినా చట్టం పాసైంది. ఆగస్టులో వెరైజన్ అనే ఫోను కంపెనీలో 45,000 మంది రెండు వారాలు సమ్మె చేసి, కొత్త ఒప్పందం లేకుండానే పనిలోకి వెళ్ళారు. ఇలా వరసగా దెబ్బలు తింటున్నవాళ్ళకు, నాయకుడు లేడు, డిమాండ్ల పత్రం లేదు, ర్యాలీకి పర్మిషనూ తీసుకోరు అనే కుర్రాళ్ళ గుంపు కనిపిస్తే ఏమనిపిస్తుంది? వీళ్ళతో కలిస్తే రేపు కేసులు మనమీదకి వస్తాయనే.

ఇంకా పాత లెక్క కూడా ఒకటుంది. 1970 మే 8న, అదే వీధుల్లో, కెంట్ స్టేట్ యూనివర్సిటీలో కాల్చి చంపిన నలుగురు విద్యార్థుల కోసం, వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా పిల్లలు వాల్ స్ట్రీట్ దగ్గర చేరితే, భవన నిర్మాణ కార్మికులు హెల్మెట్లు పెట్టుకుని వచ్చి వాళ్ళను చితకబాదారు. వరల్డ్ ట్రేడ్ సెంటర్ టవర్లు కడుతున్నవాళ్ళు కూడా అందులో ఉన్నారు. ఆ నెలాఖరులోనే నిర్మాణ యూనియన్ల నాయకుడు పీటర్ బ్రెనన్ వైట్‌హౌస్‌కు వెళ్ళి నిక్సన్‌కు ఒక హెల్మెట్ బహూకరించి వచ్చాడు. మూడేళ్ళకు కార్మిక మంత్రి కూడా అయ్యాడు. వాల్ స్ట్రీట్‌కు జుకోటీ పార్కు కూతవేటు దూరం. అక్కడ కాలేజీ పిల్లలూ యూనియన్లూ ఒక జెండా కింద నడవడం అనేది మన బయటివాళ్ళకు మామూలుగా కనిపిస్తుంది గాని, ఆ ఊరి ముసలివాళ్ళకు చిన్న విషయం కాదు.

మొదటి ముడి పడింది పెద్ద నాయకుల మధ్య కాదు, ఒక వేలంపాట హాల్లో. సోథబీస్ అని, కోట్ల డాలర్ల పెయింటింగులు వేలం వేసే సంస్థ. అక్కడ బొమ్మల్ని మోసి, ప్యాక్ చేసి, గోడకు తగిలించే 43 మంది కార్మికులను, టీమ్‌స్టర్స్ యూనియన్ లోకల్ 814 వాళ్ళను, ఒప్పందం కుదరలేదని ఆగస్టు 1 నుంచి గేటు బయట నిలబెట్టేశారు. లాకౌట్. వాళ్ళు రోజూ బయట ప్లకార్డులు పట్టుకుని తిరుగుతున్నారు, లోపల వేలం మామూలుగా నడుస్తోంది. సెప్టెంబరు 22న పార్కునుంచి కొందరు మామూలు కొనుగోలుదార్లలా లోపలికెళ్ళి కూర్చుని, పాట జోరుగా సాగుతుండగా ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు లేచి, బయట నిలబడ్డ కార్మికుల గురించి అరవడం మొదలుపెట్టారు. ఒకణ్ణి బయటికి ఈడ్చుకెళ్ళగానే ఇంకోడు లేచాడు. యూనియన్ వాడు ఆ పని చేస్తే రేపు బేరాల బల్ల దగ్గర అదే వాళ్ళకు ఎదురుతిరుగుతుంది. పార్కు కుర్రాడికి ఆ బెడద లేదు, ఎందుకంటే అతను ఎవరితోనూ ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు.

ఆ తర్వాత జరిగినవన్నీ ఈ ఒక్క తేడా దగ్గరికే వస్తాయని నాకనిపిస్తుంది. యూనియన్ బలమంతా అది సంతకం పెట్టించుకున్న కాగితంలో ఉంటుంది. ఆ కాగితంలోనే, గడువు ముగిసేదాకా సమ్మె చెయ్యం అని ఒక లైను కూడా ఉంటుంది.

అక్టోబరు 5, బుధవారం. ఫోలీ స్క్వేర్ నుంచి పార్కు దాకా యూనియన్ల ర్యాలీ. నేను నాలుగున్నరకి, డెంటిస్ట్ అపాయింట్‌మెంట్ అని అబద్ధం చెప్పి ఆఫీసు నుంచి బయటపడ్డాను. బస్సు, సబ్‌వే వాళ్ళు, టీచర్లు, మున్సిపల్ ఉద్యోగులు, ఆస్పత్రి సిబ్బంది, ఎర్ర చొక్కాల్లో నర్సులు, ఫోను కంపెనీల కార్మికులు, వేలల్లో. అప్పటిదాకా పార్కులో చూసిన జనానికీ వీళ్ళకూ పోలికే లేదు. వీళ్ళు డ్యూటీ దిగి వచ్చినవాళ్ళు, భుజాన టిఫిన్ బ్యాగులున్నవాళ్ళు, నలభై యాభై ఏళ్ళవాళ్ళు, నల్లవాళ్ళు, లాటిన్ అమెరికావాళ్ళు చాలామంది. యూనియన్లు ముందే పర్మిషన్ తెచ్చుకున్నాయి కాబట్టి ర్యాలీ సాఫీగా నడిచింది. నేను ఫుట్‌పాత్ మీదే నడిచాను. రోడ్డు మీదకి దిగలేదు. మెడలో బ్యాంకు బ్యాడ్జి తీసి జేబులో పెట్టుకున్నాను, కాసేపటికి జేబులో ఉన్నా భయమేసి బ్యాగు అడుగున పడేశాను. అరెస్టయితే వీసా ఏమవుతుందో అని మా రూమ్మేట్ పెట్టిన టెన్షన్ అది. ఒక నర్సమ్మ నన్ను చూసి చెయ్యి ఊపింది, దిగి రమ్మని. నేనూ చెయ్యి ఊపి అక్కడే ఉండిపోయాను. సిగ్గుగానే ఉంది ఇప్పటికీ.

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేశాను. మా బాపు ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరైనవాడు. ఆ రోజుల్లో అక్కడ సకల జనుల సమ్మె నడుస్తోంది, బస్సులు డిపోల్లోంచి కదలడం లేదు, సింగరేణిలో బొగ్గు లేవడం లేదు. నేను ఇక్కడి డ్రైవర్ల కేసు గురించి చెప్తే అంతా విని, "కోర్టుకెందుకు పోయిండ్రు? బస్సు ఆపితె అయిపోవు గద" అన్నాడు. "ఈడ చట్టం ఒప్పుకోదు బాపూ" అన్నా. "మాకు ఒప్పుకున్నదా?" అని నవ్విండు.

బాపు మాట పట్టుకుని కొంత చదివాను. న్యూయార్క్‌లో టేలర్ లా అని ఉంది, ప్రభుత్వోద్యోగులు సమ్మె చెయ్యకూడదు. ఇదే లోకల్ 100 వాళ్ళు 2005 డిసెంబరులో, క్రిస్మస్ ముందు మూడు రోజులు బస్సులూ రైళ్ళూ ఆపేశారు. ఫలితం ఏంటంటే యూనియన్‌కు 25 లక్షల డాలర్ల జరిమానా, అప్పటి అధ్యక్షుడు రోజర్ టూసాంకు జైలు, సమ్మె చేసిన ఒక్కో రోజుకూ కార్మికుడి జీతంలో రెండు రోజుల కోత, పైగా జీతంలోంచి చందా నేరుగా వసూలు చేసుకునే వీలు కూడా కొన్నాళ్ళు తీసేశారు. అంటే ఇంటింటికీ వెళ్ళి చందా అడుక్కోవలసిన పరిస్థితి. ఒకసారి అలా కాలినవాళ్ళు ఆరేళ్ళ తర్వాత మళ్ళీ బస్సు ఆపరు. ఇంకోటి, వాళ్ళ ఒప్పందం 2012 జనవరి మధ్యలో ముగుస్తోంది, బేరాలు ముందున్నాయి. ఇవన్నీ తెలిశాక ఆ కేసు ఓడిపోయినా నాకు పెద్దదిగా కనిపించింది. సమ్మె చేతిలో లేనివాళ్ళు, ఉన్నదాంట్లో చెయ్యగలిగింది చేశారు.

ఉన్నదాంట్లో చెయ్యడం అంటే నిజంగా చిన్నచిన్న పనులు. టీచర్ల యూనియన్ ఆఫీసు 52 బ్రాడ్‌వేలో, పార్కుకు నాలుగడుగుల దూరం. పార్కుకు దేశం నలుమూలల నుంచీ వచ్చిపడుతున్న దుప్పట్లూ పెట్టెలూ దాచుకోవడానికి అక్కడ చోటిచ్చారు. నర్సుల యూనియన్ వాళ్ళు ఫస్ట్ ఎయిడ్ డేరాలో డ్యూటీ వేసుకున్నారు. ఇలాంటివి పేపర్లో హెడ్డింగులు కావు. కాని ఊళ్ళో ఏ ధర్నా శిబిరమైనా నడిపినవాళ్ళను అడగండి, ఉపన్యాసాలు చేసేవాళ్ళు కోకొల్లలు, సామాను పెట్టుకోవడానికి గది తాళమిచ్చేవాడు ఒక్కడు దొరకడం కష్టం.

అక్టోబరు 14 తెల్లవారుజామున మాత్రం పని చిన్నది కాదు. పార్కు మురికైపోయింది, శుభ్రం చెయ్యాలి, అందరూ ఖాళీ చెయ్యండి అని బ్రూక్‌ఫీల్డ్ నోటీసిచ్చింది, మేయర్ బ్లూమ్‌బర్గ్ వత్తాసు పలికాడు. శుభ్రం పేరుతో లేపేస్తారని అందరికీ తెలుసు. కుర్రాళ్ళు రాత్రంతా చీపుర్లూ బకెట్లూ తెచ్చి వాళ్ళే కడిగారు. దేశంలో యూనియన్ల సమాఖ్యల్లోకెల్లా పెద్దది ఏఎఫ్ఎల్-సీఐఓ, మీ వాళ్ళను తెల్లారేలోగా పార్కుకు పంపండని కబురు పెట్టింది. ఆరు గంటలకల్లా పార్కు నిండి రోడ్లమీదకొచ్చింది. శుభ్రం వాయిదా పడిందని ప్రకటించగానే లేచిన అరుపు నాకు వీడియోలోనే తెలుసు, ఎందుకంటే ఆ టైముకు నేను జెర్సీ సిటీలో నిద్రపోతున్నాను. యూనియన్ మనుషులు పక్కన నిలబడ్డ రోజు పోలీసు లెక్క మారిపోతుంది. జడలు కట్టిన జుట్టున్న కుర్రాణ్ణి ఈడ్చడం వేరు, యూనిఫాంలో ఉన్న నర్సుని ఈడ్చడం వేరు, ఆ ఫోటో రేపు పేపర్లో ఎలా ఉంటుందో మేయరుకి తెలుసు.

ఇక తిరకాసుల సంగతి. పార్కులో ప్రతిదీ జనరల్ అసెంబ్లీలో, అంటే అక్కడున్నవాళ్ళంతా కూర్చునే సభలో, దాదాపు అందరూ ఒప్పుకుంటేనే. చేతులు పైకెత్తి వేళ్ళు ఆడిస్తే సరే, కిందికి ఆడిస్తే కాదు, గుండెల మీద అడ్డంగా పెడితే ఆపెయ్యమని. యూనియన్లో ఓటింగు, కమిటీ, అధ్యక్షుడు. యూనియన్ వాళ్ళు ఫోన్ చేసి రేపటి ర్యాలీ గురించి ఎవరితో మాట్లాడాలి అంటే పార్కులో సమాధానం ఉండేది కాదు. ఎవరితోనైనా మాట్లాడొచ్చు, ఎవరూ మాటివ్వలేరు. నాకు ఈ చేతులాడించడం మీద పెద్ద గౌరవం కలగలేదు, నిజం చెప్తున్నా. రెండు గంటలు నిలబడి చూశాను ఒకరోజు, డప్పులు ఎన్ని గంటలవరకు వాయించాలి అనే విషయం తేలలేదు.

రాజకీయాలు ఇంకో ముల్లు. నవంబరు 16న సర్వీస్ ఎంప్లాయీస్ యూనియన్, ఎస్ఈఐయూ, వచ్చే ఎన్నికల్లో ఒబామాకే మా మద్దతు అని ప్రకటించింది, అదీ 99 శాతం భాషలోనే. బ్యాంకుల్ని లేపిన రెండు పార్టీలనూ తిట్టడానికి పార్కులో చలికి పడుకున్నవాళ్ళకు ఎలా ఉంటుంది? మా మాట ఎత్తుకెళ్ళి ప్రచారానికి వాడుకున్నారు అన్నారు. మర్నాడు, 17న, బ్రూక్లిన్ బ్రిడ్జి దగ్గర రోడ్డు మీద కూర్చుని అరెస్టయినవాళ్ళలో అదే యూనియన్ అధ్యక్షురాలు మేరీ కే హెన్రీ ఉంది. ఈ రెండూ ఒకే మనిషి రెండు రోజుల్లో చేసినవి. దీన్ని మోసం అనేవాళ్ళున్నారు. నేననను. ఇరవై లక్షలమంది సభ్యులున్న యూనియన్‌కు వాషింగ్టన్‌లో ఎవరు కూర్చుంటారన్నది జీతం రాళ్ళ సంగతి.

అసలు పరీక్ష న్యూయార్క్‌లో కాదు, ఆక్యుపై పాకిన ఇంకో ఊళ్ళో, కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో జరిగింది. అక్కడ అక్టోబరు 25న పోలీసుల దాడిలో స్కాట్ ఓల్సెన్ అనే ఇరాక్ యుద్ధ మాజీ సైనికుడికి తల పగిలింది. కోపంతో ఊగిపోయిన అక్కడి ఆక్యుపై జనరల్ అసెంబ్లీ నవంబరు 2న సార్వత్రిక సమ్మె అని పిలుపిచ్చేసింది. ఓక్లండ్‌లో అంతకుముందు అలాంటిది జరిగింది 1946లో. ఆ ఏడాది దేశమంతా లేచిన సమ్మెలకు భయపడే 1947లో టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం తెచ్చారు. దాని ప్రకారం ఒక కంపెనీ కార్మికులకు మద్దతుగా, గొడవతో సంబంధం లేని ఇంకో కంపెనీని యూనియన్ ఆపిస్తే అది చట్టవిరుద్ధం. మా బాపుకు ఇది ఎంత చెప్పినా తలకెక్కలేదు. సంఘీభావం నేరమెట్లయితది అంటాడు.

కాబట్టి యూనియన్లు సమ్మె అన్న మాట వాడలేదు. టీచర్ల సంఘమూ నగర ఉద్యోగుల యూనియన్ లోకల్ 1021 వాళ్ళూ, సెలవు పెట్టుకుని రండి అన్నారు. సాయంత్రం వేలమంది ఓక్లండ్ పోర్టుకు నడిచి గేట్లన్నీ మూసేశారు. ఇక్కడుంది చూడండి లాయరు తెలివి. రేవు కార్మికుల ఒప్పందంలో, గేటు దగ్గర పరిస్థితి ప్రమాదకరంగా ఉందని మధ్యవర్తి తేలిస్తే లోపలికి వెళ్ళక్కర్లేదు అని ఉంది. వాళ్ళు సమ్మె చెయ్యలేదు. వాళ్ళకు పని దగ్గరికి వెళ్ళడం క్షేమం కాదంతే! ఆ రాత్రి షిఫ్టు నడవలేదు. కాగితంలోని చిన్న సందులోంచి బయటి జనమూ లోపలి జనమూ చేతులు కలిపారు.

అదే పని డిసెంబరు 12న పశ్చిమ తీరం పోర్టులన్నిట్లో చెయ్యబోతే తేడా కొట్టింది. రేవు కార్మికుల యూనియన్, ఐఎల్‌డబ్ల్యూయూ, ఈ పిలుపును సమర్థించలేదు. బయటివాళ్ళు మా పోరాటాన్ని తమ అజెండాకు వాడుకుంటే ఒప్పుకోం అని దాని అధ్యక్షుడు ముందే చెప్పేశాడు. చెప్పాడంటే చెప్పడా మరి? వాషింగ్టన్ రాష్ట్రం లాంగ్‌వ్యూలో ధాన్యం టెర్మినల్ గొడవలో రైళ్ళు ఆపినందుకు అప్పటికే ఒక జడ్జి యూనియన్ మీద రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేశాడు. పోర్టు మూతకు యూనియన్ 'సై' అన్న కాగితం ఒక్కటి దొరికితే చాలు, తర్వాతి జరిమానా సిద్ధం. పార్కులవాళ్ళలో కొందరు దీన్ని పిరికితనం అన్నారు, కింది కార్మికులు మాతోనే ఉన్నారు నాయకులే అమ్ముడుపోయారు అన్నారు. ఓక్లండ్, పోర్ట్‌లాండ్, లాంగ్‌వ్యూల్లో పని ఆగింది, మిగతా చాలాచోట్ల ఆగలేదు. కార్మికులు ఓటు వెయ్యని సమ్మెను కార్మికుల పేరున బయటివాళ్ళు ప్రకటించడం నాకు మాత్రం అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. అయినా లాంగ్‌వ్యూ గొడవ జనవరిలో గవర్నరు మధ్యవర్తిత్వంతో యూనియన్‌కు అనుకూలంగానే తేలింది. మొదటి ఓడ వచ్చే రోజున ఆక్యుపై జనం వేలల్లో అక్కడ దిగుతారన్న కబురు అప్పటికి బాగా తిరుగుతోంది, బల్లకు అవతల కూర్చున్నవాళ్ళు అది వినలేదంటే నేను నమ్మను.

న్యూయార్క్ పార్కు అంతకుముందే పోయింది. నవంబరు 15, అర్ధరాత్రి ఒంటిగంటకు ఫ్లడ్‌లైట్లు వేసి లేపేశారు. దాదాపు రెండువందల మంది అరెస్టు. పార్కులో ఐదువేలకు పైగా పుస్తకాలున్న లైబ్రరీ ఉండేది, దాన్ని చెత్త లారీల్లోకి ఎక్కించారు. తర్వాత కేసేస్తే 2013లో నగరం పుస్తకాలకని 47,000 డాలర్లు ఇచ్చుకుంది, లాయర్ల ఫీజులకు అంతకు కొన్ని రెట్లు. పొద్దున నేను వెళ్ళేసరికి చుట్టూ ఇనప బారికేడ్లు, లోపల తడి నేల, బ్లీచింగ్ వాసన. ఆ ఉదయం యూనియన్లు ఎందుకు రాలేదు అని అడిగినవాళ్ళున్నారు. అక్టోబరులో నోటీసు ముందురోజు వచ్చింది, అందుకే కబురు పంపే టైము దొరికింది. ఈసారి మేయరు ఆ టైము ఇవ్వలేదు. పోలీసులు నేర్చుకున్నది అది.

ఆ రోజుల్లోనే మా ఆఫీసులో సాయంత్రం క్లీనింగుకు వచ్చే పెద్దావిడతో కాస్త మాటలు కలిశాయి. ఈక్వెడార్ ఆవిడ. నేను ఆలస్యంగా పనిచేస్తుంటే నా డెస్కు చివర్న తుడిచి వెళ్ళేది. వాళ్ళది 32బీజే అనే లోకల్, ఎస్ఈఐయూ కిందే. పార్కుకు ఎప్పుడైనా వెళ్ళావా అని అడిగాను. ఒకసారి ర్యాలీకి యూనియన్‌తో వెళ్ళిందట, డేరాలవైపు వెళ్ళలేదట. డిసెంబరు 31తో మా కాంట్రాక్టు అయిపోతుంది, అది అయ్యేదాకా ఏ గొడవలోనూ ఇరుక్కోను, సంతకం అయ్యాక వెళ్తా అంది. గంటకు ఇంత, ఇన్సూరెన్సు ఇంత అని లెక్కలన్నీ నోటికొచ్చు ఆవిడకు. వాళ్ళ కంపెనీ ఎంత ఇస్తుందో, ఎందుకిస్తుందో పూర్తిగా తెలుసు. నా పక్కన కూర్చున్న ఇంజనీర్లెవరికీ వాళ్ళ పై లెక్క తెలియదు. చదువుకున్నవాళ్ళం మేము, మా కాంట్రాక్టు మేం చదవకుండా సంతకం పెట్టాం, ఆవిడ చదివి ఓటేసి పెట్టించుకుంది.

నీకు యూనియన్ లేదా అని అడిగింది. లేదన్నాను. మరి జీతం గురించి ఎవరు మాట్లాడతారు అంది. నాకు నవ్వొచ్చింది, నిజానికి నవ్వాల్సిన ప్రశ్న కాదు.

తర్వాతి కథ తెలిసిందే. 2012 మే డేకి సార్వత్రిక సమ్మె అన్నారు, యూనియన్లు పర్మిషన్ తీసుకుని పెద్ద ఊరేగింపు చేశాయి, సమ్మె జరగలేదు. సోథబీస్ కార్మికులు దాదాపు పది నెలల తర్వాత కొత్త ఒప్పందంతో లోపలికెళ్ళారు. ఆ నవంబరు 29న న్యూయార్క్ ఫాస్ట్‌ఫుడ్ షాపుల్లోంచి రెండువందల మంది పనివాళ్ళు ఒకరోజు పని మానేసి రోడ్డు మీదకొచ్చారు, గంటకు 15 డాలర్లు, యూనియన్ హక్కు కావాలని. ఫెడరల్ కనీస వేతనం అప్పుడు ఏడుం పావు. వాళ్ళ వెనక డబ్బు పెట్టింది ఎస్ఈఐయూ. పిచ్చి అంకె అని అందరూ నవ్వారు, 2018 చివరికి న్యూయార్క్ నగరంలో పెద్ద యజమానులకు అదే చట్టమైంది. పార్కు భాషకు యూనియన్ డబ్బు తోడైతే ఏం జరుగుతుందో చూడాలంటే అక్కడ చూడాలి. కాని యూనియన్ అన్న రెండో సగం మాత్రం ఫాస్ట్‌ఫుడ్‌లో దాదాపు ఎక్కడా దక్కలేదు, అదెవరూ గట్టిగా చెప్పరు.

డిసెంబరు నెలాఖరుకు క్లీనర్ల ఒప్పందం సమ్మె దాకా పోకుండానే కుదిరింది. జనవరి మొదటి వారంలో పెద్దావిడ నా డెస్కు దగ్గర ఆగి, జీతం పెరిగిందని చెప్పి, చెత్తబుట్ట మార్చి, ఇప్పుడు నాకు ఇబ్బంది లేదు, పార్కుకు వెళ్దామనుకుంటున్నా, ఏ రోజు ఎక్కువమంది ఉంటారు అని అడిగింది. నేను కిటికీలోంచి చూశాను. పదిహేడో అంతస్తు నుంచి పార్కు ఒక మూల కనిపిస్తుంది. బారికేడ్ల లోపల ఇద్దరు సెక్యూరిటీ గార్డులు చేతులు రుద్దుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నారు.